మదనపల్లె బస్సు, రాయలచెరువు పేరా: వ్యాసం రాసి దిద్దుకోవడం ఎట్లా

తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లోనే మా డీటీపీ, జెరాక్స్ షాపు. పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అసైన్‌మెంట్లు, సెమినార్ పేపర్లు, పీహెచ్‌డీ థీసిస్‌లు టైపు చేసి, ప్రింటు తీసి, బైండింగ్‌కు పంపడం నా పని. టైపు కొట్టే ఆవిడకు వ్యాసం సంగతి ఏం తెలుస్తుందని అనుకోవచ్చు. రాసినవాళ్లు తమ వ్యాసం ఒక్కటే చూస్తారు. నేను వందల మంది వ్యాసాలు చూస్తాను, వాటి మీద గైడ్లు ఎర్రపెన్నుతో గీసిన గీతలతో సహా. కరెక్షన్ కాపీ మళ్లీ నా టేబుల్ మీదికే కదా రావాలి. పిల్లలు భయపడేది అక్షరదోషాలకు. గైడ్లకు చిరాకు తెప్పించేవి వేరే. మార్జిన్‌లో నాకు ఎక్కువగా కనబడే మాటలు రెండు: ఒకటి "అయితే ఏంటి?", రెండోది "ఎవరు?".

మొదటిది నాకూ పడింది, ఇంకో రూపంలో. నేను ఎంఏ హిస్టరీ చదివే రోజుల్లో, ఠాగూరు మదనపల్లెకు వచ్చిన సందర్భం మీద వ్యాసం రాయమన్నారు. 1919లో ఆయన అక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. నేను పద్నాలుగు పేజీలు రాశాను. కలకత్తాలో ఆయన పుట్టుక దగ్గర ఎత్తుకుని, తండ్రిగారు, శాంతినికేతన్, నోబెల్ బహుమతి అన్నీ చుట్టి, పదకొండో పేజీలో మదనపల్లెకు వచ్చాను. మా లెక్చరర్ మొదటి పేజీ పైన ఒకే వాక్యం రాసి తిరిగిచ్చారు: "అమ్మా, బస్సు మదనపల్లెకు ఎప్పుడు చేరుతుంది?" క్లాసంతా నవ్వింది. హాస్టల్‌కు వెళ్లి ఏడ్చాను. అయినా ఆ మాట పోలేదు. ఎవరి వ్యాసం చేతికొచ్చినా ఇప్పటికీ ముందు అదే చూస్తాను, బస్సు ఎన్నో పేజీలో చేరుతోందని. చాలామందిది సగం దాటాకే చేరుతుంది.

ఇదంతా ఊరికే చెప్తే గాల్లో మాటలవుతాయి కాబట్టి, ఈ మధ్య నా చేతుల మీదుగా పోయిన ఒక వ్యాసాన్ని పట్టుకుని చెప్తాను. రాసింది మా చెల్లెలి కొడుకు, ఎంఏ చదువుతున్నాడు. విజయనగర కాలంలో తిరుమల ఆలయం అన్నది వాడికిచ్చిన విషయం. పన్నెండు పేజీలు చేత్తో రాసుకొచ్చాడు.

"పెద్దమ్మా, రాసేసినా. టైపు కొట్టిపెట్టు, శుక్రవారం ఇచ్చేయాల."

ఆ రోజు సోమవారం. నాలుగు రోజులుంది. "కూర్చో అబ్బోడా" అన్నాను.

వాడి మొదటి పేరా ఇది: "భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం. ప్రాచీన కాలం నుండి దేవాలయాలు మన సంస్కృతికి ప్రతీకలుగా నిలిచాయి. అటువంటి దేవాలయాలలో తిరుమల ఒకటి అనడంలో అతిశయోక్తి లేదు."

తిరుమల అన్నచోట శ్రీకాళహస్తి అని పెట్టి చదవండి. కాణిపాకం అని పెట్టి చదవండి. ఎక్కడా తేడా రాదు. ఊరి పేరు మార్చినా చెల్లిపోయే వాక్యం మీ వ్యాసంలో పనిచేయడం లేదని లెక్క. ఈ పరీక్ష మొదటి పేజీ మొత్తానికీ పెట్టుకోండి. మావాడి మొదటి పేజీలో ఒక్క వాక్యమూ నిలబడలేదు.

తర్వాత అడిగాను, "పన్నెండు పేజీలూ పక్కన పెట్టు. నువ్వు ఏమంటున్నావో ఒక్క మాటలో చెప్పు."

"విజయనగర రాజుల కాలంలో తిరుమల ఆలయం బాగా అభివృద్ధి చెందిందని."

"కాదన్నవాళ్లెవరు?"

సమాధానం లేదు. వ్యాసానికి ప్రాణం ఈ ఒక్క వాక్యమే. దాన్ని వాదన అనండి, ప్రతిపాదన అనండి. తెలివైన మనిషి ఎవరైనా ఎదురుగా కూర్చుని "అట్లా కాదేమో" అనడానికి అందులో చోటుండాలి. ఎవరూ కాదనలేని మాటకు పన్నెండు పేజీల ఆధారాలు ఎందుకు? ఇంకో గుర్తు కూడా చెప్తాను. ఆ వాక్యంలో "అందుకే", "కాబట్టి", "వల్ల", "అయినా" లాంటి మాట ఏదో ఒకటి ఉంటే సాధారణంగా దారిలో ఉన్నట్టే. కేవలం "ఉంది", "జరిగింది", "చెందింది"తో ముగిస్తే, అది వాదన కాదు, సమాచారం.

మరి ఆ వాక్యం ఎక్కడ దొరుకుతుంది? తొంభై పాళ్లు మీరు రాసిన కాగితాల్లోనే ఉంటుంది, చివరి పేజీలో. రాస్తూ రాస్తూ ఉంటేగానీ మనకు ఏం తోస్తోందో మనకే తెలియదు. చివరికొచ్చేసరికి తెలుస్తుంది, అప్పటికి కాగితాలు అయిపోతాయి. మావాడి ఆఖరి పేజీ తిప్పితే, కింద నుంచి మూడో వరుసలో ఇది ఉంది: "దీనిని బట్టి భక్తుల ధనం చెరువులకు వినియోగింపబడుట వలన నైవేద్యములు నిరంతరాయంగా జరిగినవని తెలియుచున్నది." గ్రాంథికం అంతా చెరిగేసి ఇద్దరం కూర్చుని ఇట్లా చేశాం: "భక్తులిచ్చిన డబ్బును ఆలయం దేవస్థాన గ్రామాల్లో చెరువులకు, కాలువలకు పెట్టింది. అందుకే కానుక ఒక్కసారి ఇచ్చినా నైవేద్యం ఏటా సాగింది." ఇప్పుడు బస్సుకు ఊరి పేరు బోర్డు పడింది. ఈ రెండు వాక్యాలూ మొదటి పేరాలోకి వెళ్లాయి. భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం బయటికి వెళ్లింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మనకు తట్టిన గొప్ప మాట మనకంటే ముందు ఎవరికైనా తట్టిందా అని చూసుకోవాలి. తిరుమల, తిరుపతి శాసనాల్ని దేవస్థానం వాళ్లు 1930ల్లో సంపుటాలుగా అచ్చేయించారు. వాటిని ఆధారం చేసుకుని బర్టన్ స్టెయిన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1960లో ఒక వ్యాసం రాశాడు. ఆలయానికి వచ్చిన ధనం సేద్యపు నీటి పనులకు వెళ్లిన తీరు అందులో ఉంది. మావాడికి ఈ సంగతి లైబ్రరీలో తెలిసింది. మొహం వేలాడేసుకుని వచ్చాడు, "అంతా ఆయనే చెప్పేసినాడు పెద్దమ్మా" అని. చెప్పేస్తే మంచిదే. పెద్దాయన చెప్పిన మాటను పేరుపెట్టి మొదట్లోనే చెప్పు, దాన్ని చిన్నచోట పెట్టి పరీక్షించు. మొత్తం విజయనగర కాలం ఎందుకు, అచ్యుతరాయలు ఒక్కడు చాలడా? కృష్ణదేవరాయల తర్వాత ఏలిన రాజు, 1529 నుంచి 1542, పదమూడేళ్లు. ఆయన కాలపు శాసనాలన్నీ చదవడానికి వారం పడుతుందేమో, మూడు వందల ఏళ్ల శాసనాలు చదవడానికి ఎంఏ అయిపోతుంది. విషయాన్ని కుదించుకోవడం చేతకాక నాశనమైన వ్యాసాలు నేను చూసినన్ని, భాష రాక నాశనమైనవి చూడలేదు.

ఇక పేరాల సంగతి. పేరా మొదటి వాక్యంలో ఆ పేరా చెప్పదలచుకున్నది చెప్పేయండి. తర్వాత ఆధారం. ఆ తర్వాత, అందరూ మర్చిపోయేది, ఆ ఆధారం మీ మాటను ఎట్లా బలపరుస్తుందో మీ సొంత వాక్యంలో. శాసనం ఎత్తి రాసి వెంటనే ఇంకో పేరాలోకి దూకేస్తారు. రాయి మాట్లాడదు కదా, మాట్లాడించాలి. ఈ శాసనాల్లో చాలావాటి వరస ఒకటే: ఫలానా దాత ఇన్ని పణాలు (అప్పటి నాణేలు) శ్రీభండారంలో, అంటే ఆలయ ఖజానాలో, కట్టాడు, ఆ డబ్బుతో ఫలానా దేవస్థాన గ్రామంలో చెరువో కాలువో తవ్విస్తారు, పెరిగిన రాబడితో ఫలానా నైవేద్యం జరుగుతుంది, ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. మావాడు ఇట్లాంటివి మూడు వరసగా ఎత్తి రాసి ఊరుకున్నాడు. మార్జిన్‌లో "అయితే ఏంటి?" పడేది సరిగ్గా అక్కడే. జవాబుగా ఒక వాక్యం చేర్చాడు: "దాత డబ్బు అసలుగా ఉండిపోయింది, నైవేద్యానికి ఖర్చయింది దాని మీద వచ్చిన పంట." ఆ ఒక్క వాక్యంతో మూడు శాసనాలకూ నోరొచ్చింది.

ఎదుటివాళ్ల అభ్యంతరం కూడా వ్యాసంలో మీరే చెప్పాలి, దాచుకోకూడదు. ఇక్కడ అది గట్టిదే. శాసనంలో ఉండేది ఒప్పందం. సూర్యచంద్రులు ఉన్నంతవరకు జరుగుతుందని చెక్కుతారు. చెరువు తవ్వారా, నీళ్లు నిలిచాయా, కరువొచ్చిన ఏడు ఏం చేశారు, ఇవేవీ ఆ రాయి చెప్పదు. "నైవేద్యం ఏటా సాగింది" అన్న మాట అంత ధీమాగా చెప్పడానికి వీల్లేదు మరి. మావాడు దాన్ని "ఏటా సాగేట్టు ఏర్పాటు చేసింది" అని మార్చుకున్నాడు. వాదన కాస్త తగ్గింది, కానీ ఎవరూ కదిలించలేనంత గట్టిపడింది. ఈ అభ్యంతరం పేరాను చివర్లో మొక్కుబడిగా పెట్టొద్దు. ప్రధాన ఆధారం చూపించిన వెంటనే పెడితే, చదివేవాడికి అనుమానం వచ్చే క్షణానికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

అంతా రాశాక ఒక రాత్రి ముట్టుకోకండి. రాసిన రోజే దిద్దితే మన కళ్లు కాగితం మీద ఉన్నది చదవవు, మన తలలో ఉన్నది చదువుతాయి. మర్నాడు ప్రింటు తీయండి, ఒకవైపే, వరుసల మధ్య ఖాళీ ఎక్కువ వదిలి. స్క్రీన్ మీద దిద్దుకుంటామంటారు ఇప్పటి పిల్లలు. దిద్దుకోండి, కాదనను, నాకు ప్రింటు డబ్బులు పోతే పోనీ. కానీ తెర మీద ఒకసారికి ఒక పేజీయే కనిపిస్తుంది, వ్యాసం మొత్తం ఆకారం తెలియదు.

ప్రింటు తీశాక పెన్సిల్ పట్టుకుని ప్రతి పేరా పక్కన, అది ఏం చెప్తోందో నాలుగు మాటల్లో రాయండి. పేరా దేని గురించో కాదు, అది ఏం అంటోందో. మావాడి మార్జిన్ ఇట్లా వచ్చింది: తిరుమల గొప్పది. తిరుమల గొప్పది. కృష్ణదేవరాయలు ఏడుసార్లు వచ్చాడు. దానాలు చాలా చేశాడు. శాసనాలు ఉన్నాయి. దానాలు చాలా చేశాడు. తర్వాత పేరా పక్కన ఒక ప్రశ్నార్థకం, ఎందుకంటే ఏం రాయాలో వాడికే తెలియలేదు. ఆ మార్జిన్ ఒక్కటే పైనుంచి కిందికి చదివాడు. నేనేమీ అనలేదు, వాడే నవ్వాడు. ఒకే మాట రెండుచోట్ల వస్తే రెండు పేరాలు కలపాలి. నాలుగు మాటల్లో చెప్పలేకపోతే అందులో రెండు పేరాలు ఇరుక్కున్నాయి, లేదంటే ఒక్కటీ లేదు.

ఆ తర్వాత కత్తెర. నిజం కత్తెరే. పేరాలు ముక్కలుగా కత్తిరించి కింద బండల మీద పరిచాం. ఫ్యాన్ ఆపి మరీ. ఏ ముక్క ముందుంటే తర్వాతిది అర్థమవుతుందో చూస్తూ అటూ ఇటూ జరిపాం. కంప్యూటర్‌లో కట్, పేస్ట్ చేయొచ్చు, కానీ మోకాళ్ల మీద కూర్చుని జరుపుతుంటే వ్యాసమంతా ఒకేసారి కంటికి ఆనుతుంది. కృష్ణదేవరాయలు ఏడుసార్లు రావడం మొత్తం ఎగిరిపోయింది. నిజమే, 1513కీ 1521కీ మధ్య ఏడుసార్లు వచ్చాడు. నిజమైనంత మాత్రాన ఈ వ్యాసంలో చోటు దొరకదు.

గొడవంతా రాయలచెరువు పేరా దగ్గర వచ్చింది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు రాయలచెరువు కట్ట దెబ్బతిని, కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు గుర్తుందా? అప్పుడు మావాడు స్నేహితులతో అక్కడిదాకా వెళ్లాడు. కట్ట మీద ఇసుక బస్తాలు, ట్రాక్టర్లు, సామాన్లు నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్లు, అన్నీ చూసి వచ్చి ఈ వ్యాసంలో ఒక పేరా రాశాడు. వ్యాసం మొత్తంలో బాగున్న పేరా అదే. చదువుతుంటే ఆ తడిమట్టి వాసన వచ్చింది నాకు. కానీ ఆ చెరువును కృష్ణదేవరాయలు తవ్వించాడని చెప్పుకుంటారు, మన వ్యాసం అచ్యుతరాయల కాలంలో దేవస్థాన గ్రామాల గురించి. పెన్సిల్‌తో పక్కన ఏం రాసినా అది మొదటి పేరాలోని వాదనకు అతకలేదు.

"అది మాత్రం తీయను పెద్దమ్మా."

"పారేయమనలేదురా, పక్కన పెట్టు." కంప్యూటర్‌లో 'తీసేసినవి' అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో వేశాను. మీరూ అట్లాగే ఒకటి పెట్టుకోండి. పోదని తెలిస్తే తీయడానికి చెయ్యాడుతుంది.

ఇప్పుడు వాక్యాలు. తెలుగు వ్యాసాలకు పట్టిన పెద్ద జబ్బు "జరిగింది". సర్వే చేయడం జరిగింది, పరిశీలించడం జరిగింది, వివరించడం జరిగింది. ఫైలు తెరిచి కంట్రోల్ ఎఫ్ నొక్కి "జరిగింది" అని కొట్టండి. మావాడి పన్నెండు పేజీల్లో నలభై ఒక్కటి వచ్చాయి. దాని తోబుట్టువు "బడింది": చేయబడింది, నిర్మించబడింది, తవ్వించబడింది. వీటిని చదవడానికి బాగోదని తీయమనడం లేదు. ఇవి "ఎవరు?" అన్న ప్రశ్నను మింగేస్తాయి. నేను మొదట్లో చెప్పిన రెండో ఎర్రగీత ఇదే.

మావాడి వాక్యం: "ఈ ధనంతో దేవస్థాన గ్రామాలలో చెరువులు తవ్వించబడటం జరిగింది." చిన్నగా రాయమన్నాను. "దాతలు చెరువులు తవ్వించారు" అని రాశాడు. బాగుంది, మూడే మాటలు. కానీ పెన్ను అక్కడే ఆగింది. "దాతలే తవ్వించినారా? లేక గుడివాళ్లా?" అని నన్నడిగాడు. నాకేం తెలుసు? "జరిగింది" అని రాసినన్నాళ్లూ వాడికి ఆ అనుమానమే రాలేదు. మళ్లీ లైబ్రరీకి పోయి సంపుటం తెరిచాడు. డబ్బు దాతది, కానీ ఆ డబ్బు తీసుకుని, ఇది చేస్తామని దాతకు రాసిచ్చింది స్థానత్తార్లు, అంటే ఆలయ వ్యవహారాలు చూసే పెద్దలు. వాక్యం ఇట్లా మారింది: "దాత పెట్టిన డబ్బుతో చెరువు తవ్విస్తామని స్థానత్తార్లు ఒప్పుకున్నారు." అప్పటిదాకా పన్నెండు పేజీల్లో స్థానత్తార్ల పేరే లేదు. చివరికి వాళ్ల మీద రెండు పేరాలు వచ్చాయి, ఆ రెండూ వ్యాసానికి వెన్నెముకయ్యాయి. వ్యాకరణం దిద్దబోతే చరిత్ర దొరికింది. అందుకే ప్రతి వాక్యంలోనూ కర్త ఎవరో వేలు పెట్టి చూపించగలగాలి అంటాను.

ఇంకొన్ని మాటలున్నాయి, కనబడిన చోటల్లా కొట్టేయొచ్చు: "అనడంలో సందేహం లేదు", "చెప్పక తప్పదు", "ఆవశ్యకత ఎంతైనా ఉంది", "పైన పేర్కొన్న విధంగా". సందేహం లేకపోతే సందేహం లేదని చెప్పడం దేనికి? అయితే వాక్యాలన్నీ పొట్టివి చేసేయమని కాదు. తెలుగులో క్రియ చివర వస్తుంది, "చేసి, వచ్చి, చూసి" అని నాలుగు అసమాపకాలు దాటేసరికి మొదట్లో ఉన్న మనిషి మర్చిపోతాడు. ఇది కళ్లతో చదివితే దొరకదు. గట్టిగా చదవండి. ఊపిరి ఎక్కడ చాలలేదో అక్కడ విరవండి. షాపులో జనం ఉంటే సిగ్గుపడి మావాడు బయట మెట్ల మీద కూర్చుని చదివాడు. పక్కన టీ బంకాయన విని, "ఆ స్థానత్తార్లు అంటే ఎవరబ్బా?" అని అడిగాడు. వివరణ లేదని అప్పుడు తెలిసింది, చేర్చాం.

ఎత్తి రాసిన ప్రతి మాటకూ ఎక్కడిదో చెప్పాలి. నోట్సు రాసుకునేటప్పుడే పుస్తకం, పేజీ పక్కన వేసుకోండి. సబ్‌మిషన్ ముందు రోజు రాత్రి పేజీ నంబరు కోసం లైబ్రరీ తలుపు కొట్టలేరు. థీసిస్‌లకైతే, కాపీ కొట్టడం మీద యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. వేరేవాళ్ల రాతతో పోలికలు 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, అది దాటితే ఎక్కువయ్యేకొద్దీ పట్టు బిగుస్తుంది, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు చేయొచ్చు. ఆ శాతం తగ్గించడానికి "రాజు" ఉన్నచోటల్లా "ప్రభువు" పెట్టించుకునేవాళ్లు నా దగ్గరికి వస్తారు. నేను చేయనని చెప్పేస్తాను. పుస్తకం మూసేసి, అర్థమైంది మీ మాటల్లో రాసి, మళ్లీ తెరిచి తప్పు పోయిందేమో చూసుకోండి. పేరు మాత్రం అప్పుడూ చెప్పాలి.

చివర్లో చిల్లర పనులు. పేరు అంతటా ఒకేలా ఉందా చూడండి. మావాడు ఒకచోట అచ్యుతరాయలు, ఒకచోట అచ్యుతదేవరాయలు, ఇంకోచోట అచ్చుతరాయలు అని రాశాడు, ముగ్గురు రాజులనుకుంటారు. ఏళ్లు, పేజీ నంబర్లు ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిచూడండి. పాత ఫాంటులో కొట్టిన ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి, మార్చాక మొదటి నుంచి మళ్లీ చదవాల్సిందే. ఒకసారి నేను చదవకుండా వదిలేసి ఒక అమ్మాయి ముందుమాటలో "కృతజ్ఞతలు" పోయి ఏదో గజిబిజి ముక్క మిగిలింది. నాలుగు కాపీలు నా డబ్బుతో మళ్లీ తీసిచ్చాను.

మావాడి వ్యాసం శుక్రవారం పొద్దున తొమ్మిది పేజీలుగా వెళ్లింది. బస్సు మొదటి పేజీలోనే చేరింది. గైడ్ గారు మార్జిన్‌లో ఒక్కచోట గీశారట, స్థానత్తార్ల పేరా పక్కన, "ఇది ఇంకా పెంచవచ్చు" అని. ఇప్పుడు వాడు డిసర్టేషన్‌కు చెరువుల మీదే విషయం తీసుకుంటానంటున్నాడు. నిన్న సాయంత్రం వచ్చి 'తీసేసినవి' ఫోల్డర్ తెరిచి రాయలచెరువు పేరా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోయాడు.